వెండి పౌడరు డబ్బా

అశోక్‌నగర్ హాస్టల్ మెట్ల కింద రామక్క ముక్కుకు తడి తువ్వాలు చుట్టి, మొగిలయ్య రెండు ముళ్లు వేశాడు. రెండు చాలని, మూడు ముళ్లు ఎప్పుడో వేశానని పరాచికమాడాడు. డబ్బాలోని వెండి పౌడరును ఆమె వార్నీషులో కలిపితే, ఆయన కిటికీ చువ్వలకు పూస్తాడు. పేరుకే వెండి, ఒట్టి అల్యూమినియం. ముప్పై ఏళ్లుగా చిక్కడపల్లి గేట్లు ఈ ఇద్దరి చేతుల మీదుగానే మెరిశాయి. ఆయన మీసం నెరిసిందో, పౌడరు అంటిందో ఆమెకే తెలియదు.

కిందటి వారం నారాయణగూడ డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, ఆ దుమ్ముకు ఇకనైనా దూరంగా ఉండమని రామక్కను గట్టిగా హెచ్చరించింది. ఆమె వినలేదు.

"నేను కలుపకుంటె నీకు రంగు ఏడ కుదురుతది?" అని నవ్వింది. నవ్వు దగ్గయింది. ఆ దగ్గు విన్నప్పుడల్లా మొగిలయ్య డబ్బాను ఆమెకు దూరంగా జరిపేవాడు.

నిన్న సాయంత్రం ఆయనకొక ఉపాయం తోచింది. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లి వాకిలి ఊడవడం చిన్నప్పటి నుంచి చూసిందే. భార్య చూడకుండా, మిగిలిన పౌడరు మీద నీళ్లు చిలకరించి మూత బిగించాడు. తడి తగిలితే అది లోలోపలే కాగుతుందని, మండే గాలి పుడుతుందని ఆయనకెవరూ చెప్పలేదు. డబ్బా మీద రాసే ఉంది, ఇంగ్లీషులో.

పొద్దున విప్పిన కొత్త డబ్బా మధ్యాహ్నానికి అయిపోయింది. రామక్క నిన్నటిది అందుకుంది. మూత ఉబ్బి ఉంది, డబ్బా వెచ్చగా తగిలింది.

"ఇటియ్యి. నువ్వు జర దూరం కూసో," అన్నాడు మొగిలయ్య. నోట్లో కాలుతున్న బీడీ సంగతి మరిచి, స్క్రూడ్రైవరుతో మూత లేపాడు.

భగ్గుమంది. చొక్కా అంటుకుంది. నిప్పుకు నీళ్లే మందని ఎరిగిన రామక్క, పక్కనున్న నీళ్ల బకెట్ ఎత్తి ఆయన మీదా డబ్బా మీదా గుమ్మరించింది. నీళ్లు తగలగానే మంట చల్లారకపోగా, తెల్లగా పై మెట్లదాకా లేచింది. వాచ్‌మన్ ఇసుక తెచ్చి కప్పేసరికి ఆలస్యమైపోయింది.

ఆస్పత్రిలో మొగిలయ్య ఒక్కసారే నోరు విప్పాడు.

"పౌడరు మీద నీళ్లు నేనే చల్లిన. నీకు దుమ్ము తగలొద్దని."

మంటను పెంచిన తన బకెట్ సంగతి ఆమె చెప్పేలోపే, ఆయన పోయాడు.

రామక్క గుండె పగిలింది. ఏడుద్దామంటే దగ్గే వచ్చింది. మెడలోకి జారిన తువ్వాలుకు, పొద్దున ఆయన వేసిన రెండు ముళ్లు అలాగే ఉన్నాయి.