పాదిరి పగ

ఈ కథలో ఒక్క ముక్క కూడా కల్పితం కాదు. అబద్ధమని ఎవరైనా తేల్చి చెబితే ఈ కుడిచెవి కోసి కథలోని పిల్లికే పెట్టేస్తాను. తోంగా దేశపు వావావు దీవుల్లో చెవి పందెం కాసి కథ చెప్పిన ముసలివాడు నేను తప్ప ఇంతవరకు పుట్టలేదు.

మాతెలితా పెంచుకున్న పిల్లి పేరు పాదిరి. ఒళ్లంతా కాటుక నలుపు, గొంతు కింద మాత్రం తెల్లపట్టీ. ఆదివారం చర్చి మెట్ల మీద కూర్చుంటే అసలు పాదిరిగారి కన్నా దీనికే భక్తి ఎక్కువని ఊరివాళ్లు అనేవారు. అసలాయనకి ఆ మాట బొత్తిగా గిట్టేది కాదు.

మాతెలితా మొగుడు పోయి పదేళ్లయింది. పక్కింట్లోనే తమ్ముడు, మరదలు సెయినీ, వాళ్ల కూతురు హెయిలాలా. ఆ పిల్లకి పెళ్లి కుదిరింది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కదా, తోంగాలో ఆ లెక్క చాలదు. పెళ్లికూతురి మేనత్త అంటే ఒకటిన్నర మొగుడు. పందిట్లో ఎత్తుపీట ఆవిడది. కాల్చిన పందుల్లో పెద్దది ఆవిడది. కేకు పై అంతస్తు ఆవిడది. కానుకగా వచ్చిన చాపల్లో నచ్చినది చంకన పెట్టుకుపోతే నోరెత్తేవాడు ఉండడు. ఆ పీటకి పుచ్చుకోవడమే తెలుసు, ఇవ్వడం తెలియదు.

ఆ పీట మీద మాతెలితాకి ఒకటే కోరిక. అక్కడ పెళ్లికి నడుముకు సన్నచాప చుట్టుకోవడం మర్యాద; తన నడుముకున్న చాప చూసి సెయినీ తలెత్తకూడదు. ఇరవై రెండేళ్ల కిందట సెయినీ కోడలిగా వచ్చిన రోజునే ఆవిడ ఈ ఆట మొదలుపెట్టింది. సెయినీ తల్లి నేసి తెచ్చిన చాపని రెండు వేళ్లతో ఎత్తి, "కాల్చిన పంది కింద పరచడానికి బాగుంటుంది" అంది. అనడమే కాదు, పరిపించింది కూడా. సెయినీ ఆరోజు నవ్వి ఊరుకుంది. నవ్వి ఊరుకున్న మనిషిని నమ్మకూడదని మాతెలితాకి ఎవరూ చెప్పలేదు.

సన్నచాప నేయడంలో హాపాయి దీవుల్లో ఉన్న పెద్దమ్మని మించినవాళ్లు లేరు. మాతెలితా పాదిరి గడ్డం పట్టుకుని, "పదే పది రోజులు నాన్నా, పదకొండో రోజున నీ ముందుంటా" అని మాటిచ్చి, దాన్ని సెయినీకి అప్పగించి ఓడ ఎక్కింది. తిరుగు ప్రయాణానికి ఆ ఓడ ఇంజను చచ్చింది. దాని సామాను ఏ దేశం నుంచో రావాలట. పది రోజులు కాస్తా ఆరు వారాలైంది.

పోనీలే అని పెద్దమ్మతో కలిసి ఆవిడ చాపని ఇంకా సన్నంగా నేసింది. మూడు పోగులు కలిపి సూది బెజ్జంలోకి ఎక్కించవచ్చు, అంత సన్నం. నేస్తున్నంతసేపూ పెద్దమ్మగారి పచ్చపిల్లి ఒకటి వచ్చి ఆ చాప మీదే పడుకునేది. మాతెలితా దాని తల నిమిరి మరీ జోకొట్టింది. అక్కడ చెడింది వ్యవహారం.

ఇల్లు చేరేసరికి పాదిరి సెయినీ ఒళ్లో ఉంది. బలిసి గుమ్మడికాయలా ఉంది.

"పాదిరీ! ఇటు రా నాన్నా!"

పాదిరి ఆవిడ కేసి ఒక్కసారి చూసింది. అప్పులవాణ్ణి చూసినట్టు తల తిప్పేసుకుంది.

"ఏం పెట్టావే సెయినీ దీనికి?"

"ఏం పెడతాను వదినా, మేం తిన్నదే. చేమాకుల్లో చుట్టిన మాంసం, కొబ్బరిపాలు. నువ్వు పదకొండో రోజున వస్తానన్నావంట కదా, ఆ రోజంతా రేవులోనే కూర్చుంది. ఆ తర్వాత నీ పేరెత్తితే చాలు, లేచి వెళ్లిపోయేది."

"పిల్లికి రోజులు లెక్కొస్తాయా ఏంటి?"

"నాకు మాత్రం వస్తాయి వదినా. ఇరవై రెండేళ్లు" అని సెయినీ నవ్వింది.

మాతెలితా పిల్లిని చంకలో ఇరికించుకుని ఇంటికి తెచ్చింది. మొదటి రోజు అది గోడ వైపు తిరిగి కూర్చుంది. రెండోరోజు చేప పెడితే వాసన చూసి, ముందుకాలితో మట్టి కప్పినట్టు నాలుగుసార్లు నేల గీరింది. మూడోరోజు చర్చికి వేసుకునే జోడులో చేయకూడని పని చేసింది. కాలు పెట్టాకగాని ఆవిడకి తెలియలేదు. నాలుగోరోజు కీర్తనల పుస్తకం తెరిచి, సరిగ్గా క్షమాపణ పాట ఉన్న పేజీలో కక్కింది.

"చేసుకో, చేసుకో" అంది మాతెలితా పళ్లు నూరుతూ. "ఎన్నాళ్లు చేస్తావో నేనూ చూస్తాను. పెళ్లి అయ్యాక నీ సంగతి చెబుతా."

పాదిరి పెళ్లి అయ్యేదాకా ఆగలేదు.

చాప సాపుగా ఉండాలని ఆవిడ దాన్ని పరుపు కింద దాచింది. ఎవరికీ చూపించలేదు. పెళ్లిరోజు పొద్దున పైకి తీసి, మంచం మీద పరిచి స్నానానికి వెళ్లింది. పాదిరి ఎక్కి వాసన చూసింది. ఆరు వారాల అసలు సంగతి దానికి అప్పుడు అర్థమైంది. ఓడా కాదు, ఇంజనూ కాదు. ఇంకో పిల్లి!

మాతెలితా తల తుడుచుకుంటూ వచ్చేసరికి చాప అంచులు పీచుపీచుగా వేలాడుతున్నాయి, నడిమధ్యన మూడు చోట్ల చీరుకుపోయింది. పైగా తడి. పాదిరి కిటికీలో కూర్చుని తాపీగా ముందుకాలు నాక్కుంటోంది.

ఆవిడ అరవలేదు. ఏడవలేదు. అరిస్తే పక్కింట్లో సెయినీ వింటుంది. నడుముకు చాప లేకుండా పందిట్లోకి వెళ్లడమంటే బట్టల్లేకుండా వెళ్లినట్టే. ఇంట్లో మిగతా చాపలన్నీ నలుగురూ చూసేసినవే. చిరిగిన చాప కేసి చూస్తూ నిలబడింది. నిలబడగా నిలబడగా ఆవిడకి ఒకటి తట్టింది. తోంగాలో అన్నిటికన్నా గొప్ప చాపలు ఏవి? తరాలుగా నడుములు మారి చిరిగి పీలికలైనవి. చిరుగు ఎంతైతే వంశం అంత.

సీసాడు చందనపు నూనె చాప మీద కుమ్మరించి, నడుముకు చుట్టి, తాడు బిగించి బయల్దేరింది.

పందిట్లో ఆవిడ ఎత్తుపీట ఎక్కగానే గుసగుసలు లేచాయి. పెద్దల తరఫున మాట్లాడే ముసలి తెవితా ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"అమ్మా, ఇంత పాత చాప నా జన్మలో చూడలేదు. ఎవరిది?"

"మా నాయనమ్మకి వాళ్ల నాయనమ్మ ఇచ్చింది" అంది మాతెలితా, కళ్లు అరమోడ్చి.

ముసలాళ్లు తలలు వంచారు. మాతెలితా ఓరగా సెయినీ కేసి చూసింది. సెయినీ కూడా తల వంచింది. అబ్బ, ప్రాణం లేచొచ్చింది ఆవిడకి!

కాని సెయినీ వంచిన తల చాప దగ్గరే ఆగిపోయింది. ముక్కుపుటాలు ఒకసారి కదిలాయి. చందనం కింద నుంచి ఇంకో వాసన. ఆరు వారాలు తన ఇంటి చాపల్లోంచి ఉతికి ఉతికి పోగొట్టిన వాసన.

సరిగ్గా అప్పుడే పాదిరి పందిట్లోకి వచ్చింది. తోక నిలబెట్టి, జనం మధ్య నుంచి పెళ్లిపెద్దలా నడిచి, ఎత్తుపీట ఎదురుగా కూర్చుని రెప్పవేయకుండా మాతెలితానే చూసింది.

"విన్నారా?" సెయినీ గొంతెత్తింది. "మా వదిన మనసు చూడండి! వంశం చాప వంశంలో పిల్లకే చెందాలని, హెయిలాలాకి ఇద్దామనే కట్టుకొచ్చింది. అంతే కదా వదినా?"

కాదంటే వంశం చాప కాదన్నట్టే, కొత్తదని ఒప్పుకోవాలి. కొత్తదైతే ఇలా ఎందుకైందో చెప్పాలి. ఎదురుగా ఆ రెండు కళ్లు.

"అంతే" అంది మాతెలితా.

ఆవిడ తాడు విప్పింది. హెయిలాలా కళ్లనీళ్లతో చాప అందుకుని, "అత్తా, జన్మంతా దాచుకుంటా" అంది. తెవితా లేచి పొగిడాడు, జనం చప్పట్లు కొట్టారు. పుచ్చుకోవడమే తెలిసిన పీట మీద ఇచ్చేసి, ఉత్త నడుముతో నిలబడింది మాతెలితా.

"అయ్యో, అలా ఉంటే ఎలా వదినా" అంటూ సెయినీ వెంట తెచ్చిన పెట్టె తెరిచి ఒక ముతక చాప తీసింది. మధ్యలో గుండ్రంగా, ఇరవై రెండేళ్ల నాటి కొవ్వు మరక. "ఇది కట్టుకో. పంది కింద పరిచావు కదా, పారేయబుద్ధి కాలేదు. నీకు పనికొస్తుందని దాచాను."

మాతెలితా కట్టుకుంది. కేకు పై అంతస్తు తినకుండానే ఇల్లు చేరింది. కూలబడితే, పాదిరి వచ్చి ఆ కొవ్వుమరక వాసన చూసి, దాని మీద చుట్ట చుట్టుకుని, ఆరు వారాల తర్వాత మొదటిసారి గురగుర మొదలుపెట్టింది. మరక మీద మాంసం వాసన కోసమో, సెయినీ ఇంటి వాసన కోసమో మరి. ఆవిడకి చెయ్యి ఎత్తబుద్ధి కాలేదు, నిమరబుద్ధీ కాలేదు. చివరికి నిమిరింది.

ఇక చెవి సంగతి. పిల్లి పందిట్లోకి రావడం నేను కల్పించాను. పాదిరి ఆరోజు ఇల్లు కదల్లేదు, ఆ పరుపు మీదే ఒళ్లు మరిచి నిద్రపోయింది. పీట ఎదురుగా కూర్చుని రెప్పవేయకుండా చూసింది సెయినీ. చెవి ఇచ్చేద్దామని మొన్న ఆ ఇంటికి వెళ్లాను కూడా. పాదిరి వాసన చూసి, ముందుకాలితో నాలుగుసార్లు నేల గీరి వెళ్లిపోయింది.