కంచె ముగిసే చోట

దుఖాన్ రోడ్డు దిగి సముద్రం వైపు రాళ్ళ నేల మీద ముప్పావు గంట ప్రయాణం చేస్తే కఫీల్ మజ్రా వస్తుంది. కఫీల్ అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని. మజ్రా అంటే పొలమే గాని అక్కడ పండేదేమీ లేదు. మూడు వైపులా ఇనుప కంచె, నాలుగో వైపు సముద్రం, మధ్యలో ముళ్ళ పొదలు, అరవై రెండు జింకలు. చమురు డబ్బుతో ఊరూరా జీపులు వచ్చాక, వేటగాళ్ళు తరిమి తరిమి కొడితే బయట జింక అన్నదే లేకుండా పోయింది. మిగిలినవాటిని పట్టి తెప్పించి ముసలి కఫీల్ ఇక్కడ పెంచుతున్నాడు.

ముత్యం జగిత్యాల వైపు గొల్లవాడు. డెబ్బై ఎనిమిదిలో కూలిపనికి ఖతర్ వచ్చాడు. గొర్రెలు కాసినవాడని తెలిసి కంపెనీ క్యాంపు నుంచి ఇక్కడికి పంపారు. మూడేళ్ళుగా తొట్లకు నీళ్ళు మోయడం, గడ్డి వేయడం, కంచె చూసుకోవడం అతని డ్యూటీ. అతని మీద ఫోర్‌మన్ హైదరాబాద్ యాకుత్‌పురా మనిషి ఫసీయుద్దీన్. ముత్యం అతన్ని ఫసీ భాయ్ అంటాడు. మజ్రాలో ఉండేది వాళ్ళిద్దరే.

శుక్రవారాలు దోహా నుంచి జనం కార్లలో వచ్చేవాళ్ళు. లోపల ఒకే బాట ఉండేది, దాని మీద మెల్లగా పోయి చూసి రావాలి. మార్చిలో జింకలు ఈనుతాయి గనుక అప్పుడు గేటు మూసేవాళ్ళు.

ఆ మార్చిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయిల్ కంపెనీ పెద్దమనిషి ఒకడు మెడలో కెమెరాతో వచ్చాడు. ముత్యం లేదన్నట్టు చేతులు అడ్డంగా ఊపి, వచ్చీరాని అరబ్బీలో, "మాఫీ సార్, మాఫీ. బచ్చా టైమ్. నెల రోజులాగి రా" అన్నాడు. ఆ మనిషి ఏదో గొణిగి తన తెల్ల ల్యాండ్‌క్రూజర్ తిప్పుకున్నాడు.

గంట తిరగకముందే సముద్రం వైపు నుంచి ఇంజన్ మోత వినిపించింది. ముత్యం తొట్టి దగ్గర పైపు పడేసి పరుగెత్తాడు. మంద మొత్తం దుమ్ములో ఉరుకుతోంది, వెనకాల అదే తెల్ల ల్యాండ్‌క్రూజర్. కిటికీలోంచి ఒక చెయ్యి, చేతిలో కెమెరా. "ఆపు! ఆపు!" అని ముత్యం తెలుగులోనే అరిచాడు. జింకలు కంచె దాకా పోయి ఒక్కసారిగా పక్కకు తిరిగాయి. ఒకటి తిరగలేకపోయింది.

బండి ఒక్క నిమిషం ఆగింది. తర్వాత వచ్చిన దారినే పోయింది.

కంచెలో చిక్కిన తల్లి జింక వెనక కాళ్ళు రెండూ విరిగాయి. ముత్యం దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఫసీయుద్దీన్ వచ్చి చూశాడు, నడుముకున్న కత్తి తీశాడు. "నువ్వు అటు తిరుగు" అన్నాడు. ముత్యం తిరగలేదు. దాని పొదుగు పాలతో బిగిసి ఉంది. పిల్ల కోసం ఇద్దరూ పొద్దుగుంకేదాకా పొదలు వెతికారు. చివరికి ఒక పొద కింద మెడ నేలకానించి, రాయిలా కదలకుండా పడుకుని దొరికింది.

"కఫీల్ రేపు వస్తడు," అన్నాడు ఫసీయుద్దీన్, తిరిగి వస్తూ. "ఆ సాబు కఫీల్‌కు దోస్తు. గేటు వేయనీకి మరిచిపోయిన అని నువ్వు చెప్పు ముత్యం. నాలుగు తిట్లు తిడ్తడు, అంతే."

"నేను గేటు తెరవలే భాయ్."

"నాకు తెల్వదా? పెద్దోళ్ళ మీద చెప్తే మన ఇద్దరి నౌకరీ పోతది."

పిల్ల ముత్యం చంకలో వణుకుతోంది.

పొద్దున కఫీల్ వచ్చి అడిగాడు. ఫసీయుద్దీన్ నేల చూశాడు. ముత్యం తనకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో, గేటు మూసే ఉందని, కెమెరా సాబు బండి సముద్రం వైపు నుంచి వచ్చిందని చెప్పాడు. ముసలాయన కోప్పడలేదు. గేటు దగ్గర వెనక్కి తిరిగిపోయిన చక్రాల జాడలు చూశాడు, వంగి చేత్తో తడిమాడు, కంచె వెంట మైలు దూరం నడిచాడు. కంచె ఆఖరి స్తంభం నీళ్ళలో ఉంది. పోటు రాని మెరక మీద చక్రాల గుర్తులు సముద్రంలోంచి లేచి వచ్చినట్టున్నాయి. నీళ్ళు తీసిన వేళ, బండి స్తంభం అవతలి నుంచి చుట్టి వచ్చిందన్నమాట.

"వాడు నా ఇంట్లో అన్నం తిన్నవాడు. వాణ్ణి ఏమీ అనలేను," అన్నాడు కఫీల్. వెనక్కి నడుస్తూ, "ఇక ఇందులోకి చక్రం రాకూడదు. నా చక్రం కూడా. చూడాలన్నవాడు నడిచి చూస్తాడు" అన్నాడు.

స్తంభం అవతల నీళ్ళలో రాళ్ళు పేర్చడానికి ఇద్దరికీ పదకొండు రోజులు పట్టింది. ఉప్పునీటికి ముత్యం అరికాళ్ళు పగిలాయి. రాయి మోసిన ప్రతిసారీ ఫసీయుద్దీన్, "నువ్వు సచ్ చెప్పినవు, నా నడుము పోయింది" అనేవాడు. ఒకనాడు మాత్రం, "మంచి పనే చేసినవులే" అన్నాడు.

ఏప్రిల్‌లో ముత్యం సెలవు మీద ఇంటికి పోవాలి. పిల్ల మేకపాల సీసా అతని చేతి నుంచి తప్ప తాగలేదు. ఫసీయుద్దీన్ అతని చొక్కా వేసుకుని ప్రయత్నించినా మూతి తిప్పుకుంది. సెలవు మూడు నెలలు వాయిదా వేసుకున్నానని ముత్యం క్యాసెట్‌లో మాట్లాడి పంపాడు. భార్య గౌరవ్వ జవాబు క్యాసెట్ ఇరవై రోజులకు వచ్చింది. ఆమెకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే.

"పోయినసారి సెలవుకు నువ్వు వచ్చి పోయినంక పుట్టిన నీ బిడ్డకు నడక వచ్చింది. నువ్వేమో దుబాయ్‌ల జింకపిల్లకు పాలు పడుతున్నవు. దానికైన నిన్ను గుర్తువట్టే అదృష్టమున్నది." చాలాసేపు టేపు తిరిగిన చప్పుడే. తర్వాత, "అది బతుకుతదా?" అని అడిగింది.

బతికింది. జూలైలో మందలో వదిలారు. ముత్యం ఊరికి పోయి వచ్చాడు. బిడ్డ మొదటి వారమంతా అతన్ని చూసి ఏడ్చింది, చేరువైంది అనుకునేలోగా సెలవు అయిపోయింది.

ఎండలు తగ్గాక నవంబరులో గేటు మళ్ళీ తెరిచారు. కార్లన్నీ బయటే. గుంపుకు ఆరుగురు, ముందు ముత్యం. రెండో శుక్రవారం వచ్చిన గుంపులో ఆ కెమెరా మనిషి ఉన్నాడు. టోపీ పెట్టుకుని, చెమటలు కక్కుతూ, అందరితోపాటు నడిచాడు. ముత్యాన్ని గుర్తుపట్టలేదు.

కోపం వస్తుందేమోనని ముత్యం తానే ఎదురుచూశాడు. రాలేదు. పొద్దుటి నుంచి అది అతని నాలుగో నడక. తొట్టికి దూరంగా ఇసుక దిబ్బ వెనక అందర్నీ కూర్చోబెట్టి, మాట్లాడవద్దని నోటి మీద వేలు పెట్టి చూపించి, తానూ కూలబడ్డాడు.

అరగంటకు జింకలు వాటంతట అవే నీళ్ళకు వచ్చాయి. కెమెరా మనిషి వేలు బటన్ మీద పెట్టి, నొక్కడం మరిచి చూస్తున్నాడు. అటు నుంచి గాలి చల్లగా వీస్తోంది. ముత్యం మోకాళ్ళ మీద తల వాల్చి కళ్ళు మూసుకున్నాడు.