సస్మిత వాటా

ఆ పొద్దున ఆకాశం తెల్లారింది గానీ వెలుతురు రాలేదు. సముద్రం మీద మబ్బు బల్లపరుపుగా పరుచుకుంది. అంచు దగ్గర సన్నగా ఒక పసుప్పచ్చ గీత కనిపించి, కాసేపటికి అదీ పోయింది. వాన పడే మబ్బు కాదు, కదిలిపోయే మబ్బూ కాదు. అలాంటి రోజున ఒడిశా ఒడ్డున మా మార్కండిలో పడవలు ఆలస్యంగా దిగుతాయి. మేం మాత్రం ఆరింటికే బయలుదేరాం, నేనూ మా చెల్లెలు సస్మితా, బరంపురం డాక్టరు దగ్గరికి.

మోకాలికి రెండోసారి స్కాను తీసి, ఇంక ఆడొచ్చో లేదో ఆ వేళ చెబుతానన్నాడు ఆయన. బెంగుళూరు జట్టువాళ్లు సాయంత్రం దాకా ఆమె చోటు ఉంచుతామన్నారు. లీగు మొదలవడానికి నెల కూడా లేదు. ఆమెకి ఇరవై తొమ్మిదేళ్లు. ఈ ఏడు పోతే పై ఏడు పిలుస్తారని ఆమే అనుకోవడం లేదు.

అర్జున్ ఆటో తెచ్చాడు. మా వాడవాడే.

"అక్కా, తల కూసింత వొంచు. నా రేకు సొట్ట పడిపోతాది."

"నీ రేకుకేటిరా, నా తల సొట్ట పడితే ఎవడు బాగుసేత్తాడు?" అంది సస్మిత.

ఆరడుగుల ఒక అంగుళం మనిషి. వొంగి ఎక్కి, కట్టు వేసిన కుడికాలు అడ్డంగా చాపి కూచుంది. ఛత్రపురంలో దిగి బరంపురం బస్సెక్కాం.

మా వాడలో ఆ పొడుగు ఇంకెవరికీ లేదు. చిన్నప్పుడు దండెం మీద బట్టలు తీయాలంటే అమ్మ ఆమెనే కేకేసేది. ఛత్రపురం బళ్లో ఎనిమిది చదువుతుంటే ఆటల మేష్టరు చూసి చేతికి బాస్కెట్‌బాల్ ఇచ్చాడు. అక్కణ్ణుంచి బరంపురం హాస్టలు, చెన్నై, ఇండియా జట్టు, జీతమిచ్చే లీగు. పేపర్లో ఆమె బొమ్మ పడిన ముక్కలన్నీ అమ్మ బియ్యం డబ్బాలో అడుగున పెట్టింది, పురుగు పట్టకుండా వేపాకు వేసి.

నేను ఆమె ఆట ఒక్కసారే చూశాను, కటకంలో. నాకు ఆ ఆట తెలీదు. ఒకటి మాత్రం కనిపెట్టాను. అందరూ బంతి కోసం ఎగిరి దిగిపోతున్నప్పుడు ఆమె ఎగిరేది. పోయిన మా నాన్న కూడా పడవ తోసేటప్పుడు అంతే, పక్కవాళ్లు కంగారుపడుతుంటే కెరటాల్ని లెక్కపెడుతూ నిలబడేవాడు. ఆ మాట ఆమెకి చెప్పాలనుకున్నాను. నాకు అలాంటివి నోటికి రావు.

దెబ్బ తగిలింది ఆటలో కాదు.

కార్తీకంలో ఇంటికొచ్చింది. ఆ ఏటికి పెద్దవల మొదటిసారి దించేది ఆ వారమే. పెద్దవల అంటే ఒడ్డున నిలబడి లాగేది. పడవ లోపలికి పోయి వల చుట్టి వస్తుంది, రెండు కొసల తాళ్లూ అరవై మందిమి లాగుతాం. మొదటి లాగుడుకి వలలో వాటా ఉన్న ఇళ్లవాళ్లు ఊళ్లో ఎంతమంది ఉంటే అంతమందీ తాడు పట్టాలి. చేతులు కట్టుకుని నిలబడితే ఆ ఇంటికి మాటొస్తుంది.

సస్మిత నిలబడింది. "పన్నెండు రోజుల్లో క్యాంపు అన్నా. ఇలాటియి సెయ్యొద్దని కోచ్ మరీ మరీ సెప్పేరు," అంది.

వల పెద్ద వీరన్న మావ అవతలి తాడు దగ్గర్నుంచి అరిచాడు. "ఏటే అమ్మీ! బంతి పట్టిన సేతులకి మా తాడు గరుకైపోనాదేటి? పేపర్లో బొమ్మ పడితే ఇంక ఇసకలో కాలెట్టవేటి?"

అందరూ నవ్వారు. చెడ్డగా నవ్వలేదు. నాకే చెవులు కాలాయి.

"పేరుకి పట్టుకోయే. రెండడుగులేసి ఒగ్గెయ్," అన్నాను.

ఆమె నా మొహం చూసింది. చెప్పులు విడిచింది.

మేం చేతుల్తోనే లాగం. నడుముకి చిన్న తాడు కట్టుకుని, దాని కొస పెద్దతాడుకి చుట్టి, వెనక్కి వాలి నడుస్తాం. బరువు నడుం మీద పడుతుంది. కొత్తవాళ్లకి కొస పట్టి లాగితే ఊడివచ్చే జారుముడి వేస్తాం, ఏదైనా అయితే తాడు వాళ్లని వదిలేసేలా. సస్మిత నడుముకి నేనే కట్టాను. నాకు వేసుకునే, ఊడిరాని ముడే వేశాను. మా నాన్న కూతురికి జారుముడి వేస్తే చూసినవాళ్లు ఏమంటారో అనుకున్నాను.

పేరుకి ఏదైనా చెయ్యడం ఆమెకి చేతకాదు. పది అడుగులకే పెద్దతాడు మీది చుట్టు తీసి, అందర్నీ దాటి నీళ్ల అంచుకి, నాన్న నిలబడే చోటుకి పోయి మళ్లీ చుట్టుకుంది. వల బరువెక్కింది. ఒక పెద్ద కెరటం విరిగి వెనక్కి పోతూ వలని లాక్కుపోయింది. తాడు ఒక్క గుంజు గుంజింది. మేమంతా బోర్లా పడ్డాం. ఆమె కాలు మడమ పైదాకా ఇసకలో దిగి ఉంది. నడుం తిరిగింది, మోకాలు తిరగలేదు.

చప్పుడు నాకు వినబడింది. పక్కవాళ్లు వినలేదంటారు.

బెంగుళూరుకి ఫోను చేసి, ఇంటి మెట్ల మీద జారానని చెప్పింది. మా ఇంటికి మెట్లు లేవు.

బరంపురంలో స్కాను గది దగ్గర తెల్లకోటు అమ్మాయి కాగితం మీద పేరు చూసి, "మీరు ఆ సస్మిత దీదీయేనా, బాస్కెట్‌బాల్?" అని ఒడియాలో అడిగి ఫోను బయటికి తీసింది. పక్కన నిలబడితే ఆ అమ్మాయి తల మా చెల్లెలి మోచేతికి కాస్త పైకొచ్చింది. "కొంచెం కూచుంటారా దీదీ, మీ మొహం పడట్లేదు." సస్మిత కూచుంది. ఫోటోకి నవ్వింది. అలవాటైన నవ్వు.

డాక్టరు స్కాను బొమ్మని వెలుగుకి ఎత్తి చాలాసేపు చూశాడు.

"ఎలా పడ్డానన్నారు?"

"మెట్ల మీద జారాను సార్."

"పూర్తిగా పడిపోయారా, దేన్నైనా పట్టుకుని ఆగారా?"

"రెయిలింగు పట్టుకున్నాను."

"అదీ సంగతి. ఒదిలేసి కింద పడి ఉంటే బెణుకుతో పోయేది. ఒళ్లు పోతుంటే ఏదో గట్టిగా పట్టి ఆపింది. మోకీలుని పట్టి ఉంచే లిగమెంట్లు రెండూ పూర్తిగా తెగాయి. మొదటిసారి వాపు మీద ఇంత తెలియలేదు." బొమ్మ కింద పెట్టాడు. "ఆపరేషను చేస్తే నడుస్తారు, మెట్లెక్కుతారు. ఎగిరి దిగే ఆట మాత్రం కుదరదు. ఎడమ మోకాలికి ఇదివరకే ఒక ఆపరేషను అయింది మీకు. ఈ ఏడు కాదు. నన్నడిగితే ఏ ఏడూ కాదు."

నేను నా చేతులు చూసుకున్నాను. తాడు ఒరిపిడికి కాయలు కాసిన చేతులు.

"ఆటలో పది నిమిషాలే దిగితేనో సార్? పదే," అంది సస్మిత.

ఆయన కాగితాలు మడిచి కవర్లో పెట్టాడు.

వరండాలో బెంచీ మీద కూచుని కోచ్ శివరామ్ గారికి ఫోను చేసింది. ఆయన తెలుగాయనే. "సార్, నేను సస్మితని. ఇంక ఆడకూడదన్నారు సార్." చాలాసేపు వింది. "అయ్యో, మీరేం చేస్తారు. ఆ కేరళ అమ్మాయిని తీసుకోండి. ఎడమచెయ్యి బాగుంటుంది, కంగారు ఎక్కువ. మొదటి ఐదు నిమిషాలు బంతి ఇవ్వకండి, సర్దుకుంటుంది." మళ్లీ వింది. "సరే సార్. ఉంటాను."

బస్టాండులో నేను నోరు తెరిచాను.

"అమ్మీ, ఆ ముడి..."

"తెలుసు."

"నాకేసుకునే ముడే..."

"తెలుసన్నాను కదన్నా. తాడు గుంజినప్పుడు రెండుసార్లు ఇప్పబోయేను. రాలేదు. బస్సొచ్చింది, ఎక్కు."

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలింది. వీరన్న మావ మా అరుగు మీద కూచుని ఉన్నాడు. "ఏటన్నాడు డాకటరు?" అని నన్నడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన లేచి ఒడ్డు వైపు వెళ్లాడు.

మా పెద్దవలకి ఒక కట్టుబాటుంది. తాడు పట్టి దెబ్బ తిన్నవాళ్లకి నయమయ్యేదాకా చేపల వాటా ఇంటికి పంపుతారు. ఈ రెండు నెల్లూ సస్మిత వాటా ఎవరో ఒకరు తెచ్చి అమ్మకి ఇచ్చిపోయేవారు. ఇంక నయం కాదని తేలిన రోజున మాత్రం వల పెద్ద స్వయంగా బుట్ట తెచ్చి గుమ్మంలో పెడతాడు. ఆ మనిషి తన చేత్తో ఎత్తుకోవాలి. ఎత్తుకుంటే బతికున్నన్నాళ్లూ వాటా ఆగదు. వాడలో అలాంటి ఇళ్లు రెండే ఉన్నాయి. ఒకటి చెయ్యి పోయిన జగ్గన్నది, ఇంకొకటి నడుం పడిపోయిన సోములుది.

మావ బుట్ట తెచ్చి గుమ్మంలో దించాడు. పైన రెండు సందువ చేపలు, కింద చిన్న కవళ్లు. మంచివి ఏరి తెచ్చాడు.

"అమ్మీ, ఆ పొద్దు నానన్న మాట..." అని ఆగిపోయాడు. "వల ఉన్నన్నాళ్లూ నీ వాటా నీ గుమ్మంలోకొత్తాది."

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వొంగి బుట్ట అందుకోబోయాను.

"నువ్వు కాదురా పైడన్నా," అన్నాడు మావ.

సస్మిత గుమ్మంలో నిలబడి బుట్టని చూసింది. తల గుమ్మం పైకమ్మీని తాకుతోంది. ఇండియా చొక్కా వేసుకుని ఆడిన మనిషికి, వాడలో అందరూ చూస్తుండగా, జగ్గన్న పక్కన, సోములు పక్కన చోటిస్తున్నారు. ప్రేమతోనే ఇస్తున్నారు. కాదంటే ఈ ముసలాయన తలెత్తుకోలేడు. ఔనంటే ఇంక బంతి లేదు. డాక్టరు దగ్గర పది నిమిషాలు అడిగిన మనిషి ఇక్కడ ఏమీ అడగలేదు. గుమ్మం పట్టుకుని, పనికిరాని కాలు పక్కకి చాపి, నెమ్మదిగా వొంగి, బుట్ట ఎత్తుకుంది.

వీధిలో నిలబడ్డవాళ్లు ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు.

అలా బుట్ట తెచ్చిన రోజు వల పెద్ద ఆ ఇంట్లో తిని వెళ్లాలి. అమ్మ సందువలు పులుసు పెట్టింది. దీపాలు పెట్టకముందే నలుగురం కూచున్నాం. సస్మిత గోడకి ఆనుకుంది, కాలు మావ కంచం దాకా వచ్చింది. ఆయన తన కంచం కొంచెం జరుపుకున్నాడు. అమ్మ ఆమె అన్నంలో ఇంకో ముక్క వేసింది. వద్దనలేదు. తిన్నది.