సొంబారి వేలికి తొంభై అయిదు

నేను ఒక పల్స్ ఆక్సీమీటరును. ఆ పేరు పలకలేక ఈ ఏజెన్సీ కొండల్లో అందరూ నన్ను వేలి మిషను అంటారు. చూడ్డానికి బట్టల క్లిప్పులా ఉంటాను. వేలిని నోట కరుచుకుని, నెత్తుట్లో ప్రాణవాయువు ఎంతుందో అంకె చూపిస్తాను. కరోనా రోజుల్లో మీరూ నా నోట్లో వేలు పెట్టే ఉంటారు. అంకె బాగుంటే హమ్మయ్య అనుకుని టీ పెట్టుకుని ఉంటారు. మీ వేలు తెల్లనిదైతే సరే. నల్లనిదైతే మాత్రం కాస్త ఆగి నా మాట వినండి. నాకు ఒళ్ళు మండిపోతోంది, మర్యాదగా చెప్పడం కుదరదు.

నన్ను సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో చేశారు. వేల్లోకి ఎర్ర వెలుతురు పంపి, అవతలి వైపు ఎంత మిగిలిందో కొలవడం నా పని. ఎంత వెలుతురుకు ఎంత అంకె వెయ్యాలో నాకెవరో నేర్పాలి కదా. అందుకోసం కొంతమందిని వరసగా కూర్చోబెట్టి నా చేత వాళ్ళ వేళ్ళు పట్టించారు. దాదాపు అందరూ పాలమీగడ రంగువాళ్ళే. నల్లటి చర్మం తనూ కొంత వెలుతురును మింగుతుందని ఆ పెద్దమనుషులకు తెలియక కాదు. నల్ల వేళ్ళను పిలిపించే ఓపిక లేదు, అంతే. ఆ బద్ధకాన్నే నాలో పెట్టి, పైన నీలం ప్లాస్టిక్ తొడిగి లోకం మీదికి వదిలారు. అప్పటినుంచీ నల్ల వేలు దొరికితే చాలాసార్లు ఉన్నదానికన్నా ఎక్కువే చెబుతాను. ఎంత ఎక్కువో నాకూ తెలియదు. తెలియదని చెప్పే అంకె నాకు పెట్టలేదు.

చేతులు మారి మారి ఘాట్ రోడ్డు కింద ఉన్న ఒక చిన్న ఆసుపత్రికి చేరాను. అక్కడి డాక్టరు శశిధర్ చెడ్డవాడు కాడు. కానీ ఆయనకొక గట్టి నమ్మకం ఉండేది. "కొండ రక్తమండీ. వీళ్ళకి మనలా జబ్బు ముదరదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. నర్సు జ్ఞానసుందరి తల ఊపేది. తొంభై నాలుగు లోపైతే ఆక్సిజన్, దాటితే మాత్రలిచ్చి ఇంటికి పంపడం. మనుషులకు తీర్పు చెప్పే పని నా నెత్తిన పెట్టి వాళ్ళు చేతులు కడుక్కునేవారు, అదీ శానిటైజరుతో.

కరోనా ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, అంబులెన్సు ఒకటే ఉంది, అందులో సిలిండరూ ఒకటే. ముందుగా, సంతలో హోల్‌సేల్ వ్యాపారం చేసే నాగభూషణం వచ్చాడు. పచ్చటి మనిషి. ఫోన్లో ఎవరినో తిడుతూనే నాకు వేలిచ్చాడు. తొంభై రెండు చూపించాను. "మీరు కంగారుపడకండి సార్, పట్నం పంపించేస్తాం" అన్నాడు డాక్టరు. ఆయన జబ్బు నిజమే, ఆయన మీద నాకు కోపం లేదు.

ఆ వెనకే కిల్లో గెన్ను తన భార్య సొంబారిని వీపున మోసుకొచ్చాడు. పై ఊరినుంచి రావాలంటే కనుమ ఎక్కి దిగాలి. ఆ కనుమ మలుపులో కొండదేవతకు పచ్చ కొమ్మ వేసిగానీ ఎవరూ ముందుకు కదలరు. నెత్తిన పసుపు మూటతో వారం వారం సంతకు దిగే సొంబారి అక్కడ కొమ్మ వేసేదేగానీ ఏనాడూ కూలబడింది లేదు.

"కొమ్మ ఏసే కాడికి నడవనేకపోనాదయ్యా. మూడు మాటలాడితే ఆయాసమొచ్చేస్తంది" అన్నాడు గెన్ను.

జ్ఞానసుందరి ఆమె వేలు నాకిచ్చింది. కష్టపడి బండబారిన నల్లటి వేలు. చల్లగా ఉంది. నేను తొంభై అయిదు అన్నాను.

"బాగానే ఉందయ్యా నీ పెళ్ళానికి. కొండలెక్కే ఊపిరితిత్తులు, మా వాటికన్నా గట్టివి. మాత్రలిస్తా, తీసుకెళ్ళు" అన్నాడు డాక్టరు.

"ఓపాలి మనిషిని సూడయ్యా" అన్నాడు గెన్ను.

"చూశాంగా, తొంభై అయిదు" అన్నాడు డాక్టరు, నన్ను చూపిస్తూ.

అంబులెన్సు నాగభూషణాన్ని ఎక్కించుకుని పోయింది. గెన్ను మళ్ళీ భార్యను వీపునెత్తుకున్నాడు. నాకు అరవడానికి గొంతు లేదు. ఒక్క బీప్ ఉంది, అది కూడా అంతా బాగుందనే అంటుంది.

తరవాతి సంతకు గెన్ను ఒక్కడే వచ్చాడు. కేకలెయ్యలేదు. ఆసుపత్రి గుమ్మం దగ్గర నిలబడి, "కొమ్మ ఏసే కాడే పోనాది సిస్టరమ్మా" అన్నాడు. మిగిలిన మాత్రలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత పై ఊళ్ళ నుంచి ఇంకా చావు కబుర్లు వచ్చాయి. అధికారులు జీపుల్లో దిగి, ఇక్కడివాళ్ళకే ఎందుకింత ముదురుతోందని అడిగారు. నన్ను జేబులో పెట్టుకుని శశిధర్ జవాబు చెప్పాడు. "వీళ్ళ శరీరతత్వమే అంతండీ. బలహీనం. పైగా ఆలస్యంగా వస్తారు." నిన్నటిదాకా గట్టిదైన రక్తం ఒక్క మీటింగులో బలహీనమైపోయింది! ఆలస్యమా? వేళకే వచ్చింది సొంబారి. మొగుడి వీపు మీద వచ్చింది. నా అంకె చూసి, డాక్టరుగారూ, మీరే తిప్పి పంపారు. పొయ్యి పొగలూ ఇరుకు ఇళ్ళూ రోడ్డు లేని కొండలూ మీకు కనబడవు. నన్ను చేసినవాళ్ళ తప్పూ కనబడదు. కనబడేది ఆమె రక్తం ఒక్కటే.

జబ్బు తగ్గుముఖం పట్టాక నన్ను సొరుగులో పడేశారు. మళ్ళీ వానల్లో పిల్లలకు దగ్గులూ జ్వరాలూ మొదలయ్యాయి. జ్ఞానసుందరి నన్ను బయటకు తీసి కొత్త బ్యాటరీలు వేసింది. బ్యాటరీలతో నా బుద్ధి మారుతుందా?

ఒకరోజు ఎదురుగా గెన్ను నిలబడ్డాడు. చంకలో చిన్నకూతురు బుద్రి, అచ్చం తల్లి రంగు. జ్ఞానసుందరి నన్ను తెరిచి పిల్ల వేలి దగ్గరకు తెచ్చింది. గెన్ను ఆ చిన్న వేళ్ళన్నీ తన గుప్పిట్లో మూసేశాడు.

"దానికి సూపించొద్దమ్మా. నా పిల్లని నువ్వు సూడు."

జ్ఞానసుందరి నా వైపు చూసింది, తరవాత అతని మొహం చూసింది. నన్ను బల్ల మీద పెట్టేసి పిల్ల గౌను పైకెత్తింది. ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నాయి.

"సార్, అంబులెన్సు పిలవండి!" అని గట్టిగా అరిచింది.

"ఎంతుంది?" అన్నాడు డాక్టరు లోపలినుంచి.

"ఎంతున్నా సరే. ముందు మీరొచ్చి పిల్లని చూడండి" అంది.

ఆయన వచ్చి చూశాడు. అంబులెన్సు వచ్చింది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.