కవిత ఒక్కతే చదివే బడి

మధ్యాహ్నం పన్నెండున్నరకు రూప్లి అన్నం గంట కొట్టింది. ఒక్క పిల్లను పిలవడానికి గంట ఎందుకని మీరు అడగవచ్చు. పదహారేళ్ళుగా ఆ బడిలో వంట చేస్తున్న చెయ్యి గంట కొట్టకుండా ఊరుకోదు. మూడో తరగతి కవిత పళ్ళెం తెచ్చుకొని, నలభైమంది పట్టే వరండాలో ఒక మూలన కూర్చుంది. గుడ్డు పెట్టిన రోజు కూడా ఆ పిల్ల మౌనంగానే తింటుంది. మాట్లాడడానికి పక్కన ఎవరున్నారు గనుక?

పర్ణశాల దారిలో, అడవి అంచున ఉంది ఆ బడి ఉన్న తండా. బడి ఈడు పిల్లలు ఇరవైమూడు మంది. రోజూ ఏడింటికి పసుపు వ్యాను వచ్చి ఇరవైరెండు మందిని టౌనులో కాన్వెంటుకు తీసుకుపోతుంది. పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దలు ఊరికే అన్నారా! మిగిలింది కవిత. తండ్రి దేవ్లా మిర్చి కూలి, వ్యాను కిరాయి కట్టలేడు. వేసవి తర్వాత బడి మూసేస్తారని కబురు వచ్చింది. మరో బడికి అడవిదారిలో నాలుగు కిలోమీటర్లు నడవాలి. ఈ బడి మూస్తే, అంత దూరం ఒంటరిగా పంపలేక దేవ్లా ఆ పిల్లను తనతో కూలికే తీసుకుపోతాడు.

ఆ మధ్యాహ్నమే బడి కమిటీ చైర్మన్ ధన్‌సింగ్ ఒక కాగితం పట్టుకొని వచ్చాడు.

"పెద్దమ్మా, బడి బంద్ చెయ్యొద్దని దరఖాస్తు రాసినం. తండా అంత సంతకాలు పెట్టిండ్రు. రేపు ఆఫీసర్ సార్ వస్తుండు. జల్దీ వేలిముద్ర వెయ్యి."

"ఏం రాసిండ్రో చదువు బిడ్డా" అని రూప్లి కాగితాన్ని కవితకు ఇచ్చింది. కవిత గడగడా చదివింది, పేర్లతో సహా. చదువుతుంటే ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది.

"అవ్వా, గింతమంది మన బడి కావాలన్నరు! రేపటి సంది వాళ్ళ పిల్లలందరు ఈడికే వస్తరా?"

ధన్‌సింగ్ మోగని ఫోను తీసి చూసుకున్నాడు.

నిజానికి ఆ మాట రూప్లినే ఎక్కువ గుచ్చింది. కొడుకూ కోడలూ సత్తుపల్లిలో పనిచేస్తుంటే, మనవరాలు శ్రావణిని పెంచుతున్నది ఆమే. ఊరి పిల్లలందరికీ వండిపెట్టిన రూప్లి, తన పిల్లను మాత్రం టై, బెల్టు చూసి మురిసి వ్యాను ఎక్కించింది. శ్రావణి చీకటిపడ్డాక వచ్చి, తింటూనే నిద్రపోయేది. పగలు బడిలో, రాత్రి ఇంట్లో రూప్లిని పలకరించే దిక్కు లేదు. ఆమె వేలిముద్ర వేయకుండానే కాగితం తిరిగి ఇచ్చేసి, టీచరు ఉదయశ్రీ దగ్గరికి వెళ్ళింది.

"మేడమ్, రేపు మా శ్రావణిని తీస్కొస్త. ఇంగ్లీషు చెప్తరా?"

ఒక్క పిల్లే కదా, ఎవరు చూస్తారులే అని రోజూ పదకొండింటికి భద్రాచలం నుంచి వచ్చే ఉదయశ్రీ తల దించుకుంది. "ముందు నేను సరిగ్గా నేర్చుకోవాలవ్వా. నేర్చుకుంట. మొదటి బస్సుకే వస్త."

మర్నాడు ఆఫీసరు దరఖాస్తు చదివాడు. "సంతకాలు నలభై ఉన్నాయి. పిల్లలేరి?"

చుట్టూ చేరిన తండావాళ్ళు ఒకరి వెనక ఒకరు నక్కారు. స్నేహితులతో వ్యాను ఎక్కనివ్వలేదని ఏడుస్తున్న శ్రావణి చెయ్యి పట్టుకొని రూప్లి ముందుకు వచ్చింది.

"అందుల నా వేలిముద్ర లేదు సార్. నా మనుమరాలు ఈడుంది. మీరు మూసేదేంది? ఒక్కొక్క పిల్లను తీస్కపోయి మేమే మూసినం. తప్పు నాది గూడ. తెరిచేది గూడ మేమే."

"ఇద్దరితో బడి నడవదమ్మా" అన్నాడు ఆఫీసరు. "జూన్ దాకా చూస్తాను."

ఆయన వెళ్ళాక ధన్‌సింగ్ గేటు దాకా పోయి, మళ్ళీ రూప్లి దగ్గరికి వచ్చాడు. ఎవరి ముఖమూ చూడకుండా, "రేపు మా పిలగాడు కోటేష్‌ను గూడ తెస్త పెద్దమ్మా" అన్నాడు.

మార్పు కావాలని నలుగురితో కలిసి సంతకం పెట్టడం తేలిక. ఒంటరిగానైనా ముందు తన ఇంటి నుంచి మొదలుపెట్టిన మనిషి వల్లే ఊరు మారుతుంది.