లెవెల్ రాని కీబోర్డు

పెళ్లి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాణ్ని ఎవరూ చూడరు. పాడేవాళ్లతో ఫోటోలు దిగుతారు, డప్పు కొట్టేవాళ్ల చుట్టూ ఎగురుతారు, కీబోర్డు మనిషికి వీడియోలో మోచేయి పడితే గొప్ప. నాచారం బిక్షపతి ఇరవై ఏళ్లుగా ఆ మోచేయి. అందుకే పాటలు పాడే తారామణి ఫోన్ చేసి, "అన్నా, బోనాల పాట జేస్తున్న. గా సన్నాయి నువ్వే గొట్టాలె. వీడియో కింద నీ పేరేస్త" అన్నప్పుడు పైకి "సూద్దాం తియ్యి" అన్నాడు గానీ, ఫోన్ పెట్టేశాక కీబోర్డును తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాడు.

ఉప్పల్‌లో ఆ స్టూడియో పెద్దదేం కాదు. మెట్రో రోడ్డు వెనక సందులో, దర్జీ షాపు మీద ఒక గది. గోడలకు నల్ల స్పాంజి. నడిపేది హృషికేశ్. తండ్రి రైల్వే ఉద్యోగం మీద రాజమండ్రి నుంచి మౌలాలి వచ్చి స్థిరపడ్డాడు. కొడుకు పెరిగింది ఇక్కడే అయినా మాట మాత్రం ఇంటి మాటే.

బిక్షపతి కీబోర్డును స్టాండు మీద పెట్టాడు. దాని వెనక రెండు వైర్లు. ఎడమది హృషికేశ్ సౌండ్ కార్డుకు పోయింది. వాయించింది కంప్యూటర్లోకి పంపే అరచేయంత డబ్బా అది. దానికి ఉన్నవి రెండే దార్లు, ఒకదాంట్లో అప్పటికే తారామణి మైకు ఉంది. కుడి వైరును బిక్షపతి తన వెంట తెచ్చుకున్న చిన్న స్పీకరు పెట్టెకు తగిలించుకున్నాడు. తన వాయింపు తనకు వినపడకపోతే అతనికి చెయ్యి ఆడదు.

"వాయించండి అన్నా, లెవెల్ చూస్తాను," అన్నాడు హృషికేశ్.

బిక్షపతి సన్నాయి ఎత్తుకున్నాడు. కీబోర్డుతో పాటు వచ్చిన మోత కాదది. ఏళ్ల తరబడి కాస్త బరువు తీసి, కాస్త ముక్కు కలిపి, తనకు తాను చేసుకున్నది. పెట్టెలోంచి గది నిండా పలికింది. తెర మీద పచ్చగీత మాత్రం అడుగునే పాకింది.

"రావట్లేదన్నా. బాగా తక్కువుంది."

"రాకపోవుడేంది? చెవులు పలుగుతుంటే."

"అది మీ పెట్టెలో. నాకు రావట్లేదు."

"అయితే లొల్లి నీ డబ్బలనే ఉంది."

హృషికేశ్ డబ్బా మీదకు వంగాడు. లోపలికొచ్చే మోతను పెంచే గెయిన్ బిరడా మొత్తం తిప్పాడు. సన్నాయి పెరగలేదు గానీ వెనక వాన కురిసినట్టు హోరు లేచింది. వైరు మార్చాడు. మైకు పీకి ఆ దారిలో పెట్టి చూశాడు. అక్కడా అదే. కీబోర్డు వాల్యూమ్ పెంచమంటే బిక్షపతి చివరిదాకా తోశాడు. కింద దర్జీ కర్రతో స్లాబు పొడిచాడు తప్ప తెర మీద గీత లేవలేదు.

"మీరే వినండి," అని హృషికేశ్ తన హెడ్‌ఫోన్లు ఇచ్చాడు.

బిక్షపతి విన్నాడు. తన సన్నాయే, మూడు వీధుల అవతల ఎవరి పెళ్లిలోనో మోగుతున్నట్టుంది. మోత లేదు, మోత తాలూకు తోక ఉంది.

"తారామణి అక్క మౌలాలి దాటిందట," అన్నాడు హృషికేశ్ ఫోన్ చూసి. "పాడేసి మళ్లీ ఏఎస్ రావు నగర్ ప్రోగ్రాంకి పోవాలి. వచ్చేలోపు మీది అవ్వకపోతే కంప్యూటర్లో సన్నాయి పెట్టేస్తాను. ట్యూను మీదే కదా, పేరు మీదే వేద్దాం."

"కొట్టనోనికి పేరెందుకు తమ్మీ? పెండ్లికి రానోని నోట్ల పాన్ వెట్టినట్టు."

హృషికేశ్ నవ్వాపుకున్నాడు. "పోనీ, ఆ పెట్టె తీసేసి ఒక్కసారి వాయించండి. దాని గోలలో నాకేదీ తెలియట్లేదు."

"అది తీస్తే నాకెట్ల ఇనబడ్తది?"

"ఇంకో జత హెడ్‌ఫోన్లున్నాయి, పెట్టుకోండి."

బిక్షపతికి అది తన చేతికర్ర లాక్కున్నట్టే అనిపించింది. అయినా తారామణి వచ్చేస్తోంది. కుడి వైరు పీకి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీటలు నొక్కాడు. గీత ఎగిరి ఎర్రదీపం వెలిగింది. ఇద్దరూ ఒకేసారి చెవుల మీంచి హెడ్‌ఫోన్లు లాగేశారు.

"ఏం చేశారిప్పుడు?"

"నేనేం జేసిన? నువ్వే తియ్యమంటివి."

మళ్లీ పెట్టి చూశారు. గీత పడిపోయింది. తీస్తే లేచింది. బిక్షపతి కీబోర్డు వెనక్కి వంగి రెండు వైర్ల దార్లూ చూశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు: ఫంక్షన్ హాళ్లలో డ్యాన్సు మొదలుకాగానే మిక్సర్ మీదుండే శశిధర్ దరువొక్కటే పెంచాలి. అందుకని దరువు ఎడమ వైరులో, రాగం కుడి వైరులో పోయేటట్టు తానే కీబోర్డులో పెట్టాడు, ఎన్నడో. ఇవాళ దరువు లేదు. ఎడమ వైరుకు రాగం తాలూకు ప్రతిధ్వని తప్ప ఏమీ దొరకలేదు. కుడిది పీకేస్తే కీబోర్డు రెండూ కలిపి ఎడమ దారినే పంపింది.

"అంటే అసలు సన్నాయంతా మీ పెట్టెలోకే పోయిందన్నమాట," అన్నాడు హృషికేశ్.

"నీ డబ్బను ఊకెనే తిట్టిన."

గెయిన్ తగ్గించి రికార్డు చేశారు. వెనక్కి వేసుకుని విన్నారు. డప్పుల్లేవు, జనం లేరు, హాలు మోత లేదు. ప్రతి స్వరం కడిగి ఆరబెట్టినట్టు వినిపిస్తోంది. రెండో చరణం మలుపులో ఉంగరం వేలు వెనకబడింది. బిక్షపతికి వినిపించింది. హృషికేశ్‌కూ వినిపించింది.

"చాలా బాగుందన్నా. అక్కడ చిటికెడు లేటు. నేను ముందుకు జరిపేస్తాను, ఒక్క క్లిక్కు."

బిక్షపతి ఆ మలుపును మీటల మీద వేళ్లతో తడిమాడు. ఆ మలుపు ఎన్ని పెళ్లిళ్లలో వాయించి ఉంటాడు. ఎన్నిటిలో వెనకబడి ఉంటాడు. చెప్పేవాడు లేడు, తనకే తెలియలేదు.

తారామణి చెమటలు తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చింది. "అయిందా అన్నా?"

"అయిపోయిందక్కా. కాస్త సర్దితే..." అన్నాడు హృషికేశ్.

"కాలే," అన్నాడు బిక్షపతి. "జర కూసో చెల్లె. ఇంకొక్కపారి గొడ్త."

"నాకు టైం లేదన్నా, నీకెర్కనే గదా." అంటూనే ఆమె కూర్చుంది. "సరే కొట్టు. తొందర పడకు మళ్ల."

ఈసారి ఆ మలుపులో తనకు అలవాటైన, స్వరాన్ని చుట్టి తిప్పే గిరికీ వెయ్యలేదు. ఏళ్లుగా మురిసి వేసేది అదే, వేలు వెనకబడేదీ అక్కడే. వట్టి స్వరం పట్టి, నిదానంగా దిగాడు.

"ఏమన్న జరపాల్నా?" అని అడిగాడు, మీటల మీంచి తల ఎత్తకుండా.

హృషికేశ్ ఆ ముక్క మళ్లీ వేసుకుని విన్నాడు.

"అక్కర్లేదన్నా."

తారామణి అప్పటికే మైకు ముందు నిలబడి, సన్నాయి దిగిన చోటు నుంచి తన గొంతు సర్దుకుంటోంది.