జయశీల ఎడమచెయ్యి

బోగోలు దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో జయశీల పదకొండేళ్లుగా రొయ్యలు ఒలుస్తోంది. ఆమెది ఎడమచేతి వాటం. ఆ చేతి వేగాన్ని అందుకునేవాళ్లు షెడ్డులో ఎవరూ లేరు. అలాంటి మనిషిని ఒక సోమవారం పొద్దున గేటు దగ్గరే ఆపేశారు. పని మందగించింది కాబట్టి ఇక రావద్దని సెల్లుకు మెసేజ్ వచ్చింది.

అది పంపింది మనిషి కాదు. నెల కిందట బల్లల పైన కెమెరాలు బిగించారు. ఎవరి చేతులు ఎంత చురుగ్గా ఆడుతున్నాయో కంప్యూటరే చూసి తేలుస్తుందట. ఆమెకంటే ముందు పక్క బల్ల దగ్గర ఒలిచే సామ్రాజ్యాన్ని, ఇంకో ఇద్దరినీ అలాగే ఇంటికి పంపారు.

జయశీలకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. సూపర్‌వైజర్ పెంచలకృష్ణను నిలదీస్తే, సిస్టమ్ చెప్పినదాన్ని తానెలా కాదంటానని నసిగాడు. ఆమె గేటు దగ్గరే కూర్చుంది. మేనేజర్ జీవానందం కారు రాగానే ఎదురెళ్లింది.

"తీసేస్తే తీసేయండి సార్. ఎందుకు తీసేసినారో ఒక మనిషి నా మొహం చూసి చెప్పాల. నేను చెప్పేది కూడా ఒక మనిషి వినాల."

ఆయన ఆమెను లోపలికి తీసుకెళ్లాడు. ఒక ట్రే రొయ్యలు ముందు పెట్టించి, తాను కంప్యూటర్ దగ్గర నిలబడ్డాడు. జయశీల వేళ్లు ఎప్పటిలాగే పరుగెత్తాయి. తెర మీద మాత్రం ఆమె పేరు ఎర్రగా వెలిగింది, పని చేయడం లేదని. పెంచలకృష్ణకు ఏదో తట్టి, కుడిచేత్తో ఒలిచి చూడమన్నాడు. ఆమె తడబడుతూ ఒక రొయ్యను నలిపి, ఇంకోదాన్ని కింద పడేసింది. పేరు పచ్చగా మారింది; కెమెరా కుడిచేతినే లెక్కపెడుతోంది.

షెడ్డంతా గొల్లున నవ్వింది. జీవానందమూ నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపి, మిగతా ముగ్గురి సంగతేమిటని అడిగాడు.

"వాళ్లను మనం అడగనే లేదు సార్," అన్నాడు పెంచలకృష్ణ తల దించుకుని.

సాయంత్రానికి గేటు మీద తెలుగులో నోటీసు అంటించారు. యంత్రం మాట మీద ఎవరినీ తీసేయకూడదు. కారణం చెప్పి, వాళ్ల మాట విన్నాకే ఏ నిర్ణయమైనా. వినేవాళ్లలో ఇద్దరు పనివాళ్లు ఉండాలి. షెడ్డులోని ఆడవాళ్లు మొదట చెప్పిన పేరు జయశీలదే.

ఆమె అక్కడి నుంచే సామ్రాజ్యానికి ఫోన్ చేసి, తీసేసినవాళ్ల మాట కూడా ఇప్పుడు వింటారని చెప్పింది. సామ్రాజ్యం నమ్మలేదు, మూడుసార్లు చెప్పించుకుంది. ఆ తర్వాత అవతల నుంచి ఒకటే నవ్వు. జయశీల ఫోన్‌ను అందరికీ వినిపించేలా పైకెత్తి పట్టుకుంది.